పాత ఫ్రెంచి దుకాణాల్లో చిల్లర నాణేలు, ధరలు, లాభాలు

దుకాణదారు లాభాన్ని నిర్ణయించేవి కొన్న ధర, అమ్మిన ధర మాత్రమేనని సాధారణంగా భావిస్తాం. చలామణిలో ఉన్న అతి చిన్న నాణెం కూడా లాభాన్ని ప్రభావితం చేస్తుందని 18వ శతాబ్దపు ఫ్రాన్సు ఉదాహరణ తెలియజేస్తుంది.

నాణేల వ్యవస్థ

విప్లవానికి పూర్వం ఒక లీవ్ర్‌కు 20 సూలు, ఒక సూకు 12 దెనియేలు. దెనియే ప్రధానంగా లెక్కలకే పరిమితమైంది. నిత్య వ్యవహారంలో అతి చిన్న రాగి నాణెం లియార్. దాని విలువ 3 దెనియేలు, అంటే పావు సూ. పేదవానికి సూ చిన్న మొత్తం కాదు. పారిస్‌లో సుమారు 8, 9 సూలుండే నాలుగు పౌన్ల రొట్టె 1789 ఆరంభంలో 14న్నర సూలకు చేరడం ఎంతటి అశాంతికి దారితీసిందో మీకు తెలుసు.

చిల్లర కొనుగోలు, అదనపు లాభం

ఒక ఊహాత్మక ఉదాహరణ చూడండి. దుకాణదారు పౌను సరుకును 4 సూలకు కొని 5 సూలకు, అంటే 60 దెనియేలకు, అమ్ముతాడనుకుందాం. లాభం ఒక సూ. కొన్న ధరపై 25 శాతం. కూలివాడు ఒకేసారి పౌను కొనలేడు. రెండు ఔన్సులు, అంటే పౌనులో ఎనిమిదో వంతు, అడుగుతాడు. దాని ధర ఏడున్నర దెనియేలు. అందుకు సరిపడే నాణెం లేదు. రెండు లియార్లు తీసుకుంటే దుకాణదారుకు తక్కువ వస్తుంది. అందువల్ల మూడు లియార్లు, అంటే 9 దెనియేలు, తీసుకుంటాడు. ఈ విధంగా ఎనిమిదిసార్లు అమ్మితే పౌనుకు 72 దెనియేలు, అంటే 6 సూలు వస్తాయి. కొనేవాడు 20 శాతం ఎక్కువ చెల్లించాడు. దుకాణదారు లాభం రెట్టింపయింది.

అయితే ఇదంతా దుకాణదారుకు మిగలదు. తూకంలో తరుగు, అరువులో రాని బాకీలు ఇందులోంచే పోవాలి.

దశాంశ పద్ధతి, కొత్త వ్యాపార విధానం

1795లో ఫ్రాంక్‌ను 100 సాంతీమ్‌లుగా విభజించారు. లెక్క సులభమైంది. కాని ప్రజలు 5 సాంతీమ్‌లను ‘సూ’ అనే పిలుస్తూ వచ్చారు. సాంతీమ్ సూలో ఐదో వంతు. లియార్ నాలుగో వంతు. కాబట్టి అతి చిన్న నాణెం విలువ పెద్దగా తగ్గలేదు.

1852లో పారిస్‌లోని బాన్ మార్షేలో భాగస్వామిగా చేరిన ఆరిస్తీద్ బూసికో మరో మార్గాన్ని విస్తృతం చేశాడు. బేరం లేని స్థిర ధర, తక్కువ లాభం, వేగంగా సరుకు అమ్మకం దాని లక్షణాలు. 100 ఫ్రాంకుల సరుకుపై 30 శాతం లాభంతో ఏడాదికి ఒకసారి అమ్మితే 30 ఫ్రాంకులు వస్తాయి. అదే పెట్టుబడిని 10 శాతం లాభంతో ఐదుసార్లు తిప్పితే 50 ఫ్రాంకులు వస్తాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

పై మొదటి ఉదాహరణలో కూలివాడు ఒకేసారి నాలుగు ఔన్సులు కొంటే ఎంత చెల్లిస్తాడు? అతనికి అదనపు భారం ఉంటుందా? కారణం తెలపండి.