పెట్టెలో వచ్చిన మోటారుకారు

బాల్యమున చేతపట్టి ఆడుకొన్న వస్తువుపై పెద్దలైన పిమ్మటకూడ మమకారము నిలిచియుండుట సర్వదేశములందును కన్పట్టు విషయమే. మన పల్లెలలో తాటిబుర్రలకు పుల్ల గ్రుచ్చి, దానికి కర్ర తగిలించి, వీధులవెంట బండి తోలినవారు ఆ బండిని నేటికిని మరువలేదు. అట్లే అమెరికా, బ్రిటన్, జపాన్ దేశములలో 1950 మొదలు 1980 వరకు పెరిగిన బాలురెందరికో మరపురాని వస్తువొకటి కలదు. అది అట్టపెట్టెలో విడివిడి ముక్కలుగా వచ్చి, ఇంటిలోని బల్లపై జిగురుతో కూర్చబడి, కారుగా రూపొందిన ప్లాస్టిక్ నమూనా. నేడు అరువది, డెబ్బది యేండ్ల వయసుననున్నవారు పలువురు ఆ పాత పెట్టెలను వెదకి వెదకి కొనుచున్నారు. వారు కోరుచున్నది ఆ చిన్న కారునా, దానిని కట్టిన కాలమునా? ఈ ప్రశ్నకు సమాధానము కావలెనన్నచో, ఆ పెట్టెలో ఏమియుండెనో, అది ఎట్లు పుట్టెనో ముందుగా తెలిసికొనవలెను.

గడచిన కాలముకొరకు కలుగు ఈ వేదనను పాశ్చాత్యులు నాస్టాల్జియా అందురు. ఇంటికి మరలుట, బాధ అను అర్థములుగల రెండు గ్రీకు పదములను కలిపి ఈ మాటను కల్పించినవాడు వైద్యుడు. జోహన్నెస్ హోఫర్ అను ఆ స్విస్ యువకుడు 1688లో బాసెల్ నగరమున సమర్పించిన సిద్ధాంతవ్యాసములో, స్వదేశమునకు దూరమై చిక్కిపోవువారి రోగమునకు ఈ పేరు పెట్టెను. ఆనాడది ఊరిపై బెంగ. కాలక్రమమున అది గతముపై బెంగగా మారినది. ఊరికైనచో మరలి పోవచ్చును. గతమునకు పోవుటకు దారి లేదు. అందుచేతనే మానవుడు ఆ కాలమునకు చెందిన వస్తువును పట్టుకొనును.

ఇక పెట్టె సంగతి. మూతపై కారుయొక్క రంగుల చిత్రముండును. లోపల సన్నని ప్లాస్టిక్ చట్రములకు, కొమ్మకు కాయలవలె, ముక్కలు అంటియుండును. కారు పైభాగము, అడుగుభాగము, సీట్లు, స్టీరింగు చక్రము, ఇంజను, ఇరుసులు, వెండివలె మెరయు బంపర్లు, పారదర్శకమైన అద్దములు, మెత్తని నల్లటైర్లు అన్నియు అందులోనే. నీటిలో నానవేసి అంటించు బొమ్మలకాగితము ఒకటి, ఏ ముక్క తరువాత ఏ ముక్క అతుకవలెనో అంకెలతో తెలుపు పత్రమొకటి తోడుగా వచ్చును. అమెరికాలో ఎక్కువగా వాడుకకు వచ్చిన పరిమాణము ఇరువదియైదవ వంతు. అనగా 5 మీటర్ల నిడివిగల కారు బాలుని బల్లపై 20 సెంటీమీటర్లకు దిగివచ్చును.

ఈ ముక్కలను పాలిస్టైరీన్ అను ప్లాస్టిక్‌తో చేయుదురు. ఇది మామూలు వేడిమిలో గట్టిగానుండి, 100 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతమున మెత్తబడనారంభించును. దానిని 200 డిగ్రీలకు పైగా కాచి, బలమైన ఒత్తిడితో ఉక్కు అచ్చులోనికి ఎక్కించినచో, అది ప్రతి సందులోనికిని ప్రవహించి, చల్లారినంతనే గట్టిపడును. ముక్కలను పట్టియుంచు చట్రములు వేరేమియు కావు. కరిగిన ప్లాస్టిక్ ప్రవహించిన కాలువలే అవి. ఇందలి ఆర్థికసూత్రము కూడ గమనింపదగినది. ఉక్కు అచ్చును చెక్కుటకు నిపుణులు నెలల తరబడి శ్రమింపవలెను. అందుకు ధనమును విస్తారముగా వ్యయమగును. కాని అచ్చు సిద్ధమైన పిమ్మట ఒక్కొక్క ప్రతికి తగులు ఖర్చు స్వల్పము. వేలకొలది పెట్టెలు అమ్ముడుపోయినగాని అచ్చు ఖరీదు రాదు. కనుక బాలుడు తన చేతిఖర్చుతో కొనగలుగునట్లు ధరను తగ్గించి, ఎక్కువమందికి అమ్ముట తప్పనిసరియైనది.

ప్లాస్టిక్ నమూనాలకు మొదటి అడుగు బ్రిటన్‌లో పడినది. 1936లో ఫ్రాగ్ పెంగ్విన్ అను పేరుతో విమానముల నమూనాలు అచ్చట వెలువడెను. అవి సెల్యులోజ్ ఎసిటేట్‌తో చేసినవి. ఆ పదార్థము కాలము గడచినకొలది వంకరపోవును. రెండవ ప్రపంచ యుద్ధానంతరము పాలిస్టైరీన్ చౌకగా లభించుటతో ఈ పరిశ్రమ విస్తరించెను. నికొలస్ కోవ్ అను హంగేరీ దేశీయుడు 1939లో బ్రిటన్‌లో స్థాపించిన ఎయిర్‌ఫిక్స్ సంస్థ తొలుత గాలి ఊదు రబ్బరు బొమ్మలను, అటుపిమ్మట దువ్వెనలను తయారుచేసినది. 1952లో గోల్డెన్ హైండ్ అను ఓడ నమూనాను రెండు షిల్లింగులకు వూల్‌వర్త్ దుకాణములలో అమ్మి అది పేరుగాంచెను. అదే కాలమున అమెరికాలో, లూయీ గ్లేజర్ కాలిఫోర్నియాలో స్థాపించిన రెవెల్ సంస్థ పాతకాలపు కారుల నమూనాలను హైవే పయనీర్స్ అను వరుసలో విడుదల చేయగా, కారులు కట్టు అలవాటు ఇంటింట ప్రవేశించెను.

ఐనను ఈ అలవాటును ఉద్యమముగా మార్చినది డెట్రాయిట్ ప్రాంతము. అచ్చట 1948లో అల్యూమినియం మోడల్ టాయ్స్ అను సంస్థ ఏర్పడెను. దీనిని ఎ.ఎం.టి. అని పిలుతురు. కారులను విక్రయించు వర్తకులకు ప్రచారార్థము చిన్ననమూనాలను తయారుచేసి యిచ్చుట దాని వ్యాపారము. పేరు అల్యూమినియమైనను అనతికాలముననే అది ప్లాస్టిక్‌కు మారినది. 1958లో ఆ సంస్థ ఒక కొత్త ఉపాయము పన్నెను. ఒకే పెట్టెలో మూడు విధములుగా కట్టదగిన ముక్కలనుంచెను. కర్మాగారమునుండి వచ్చినట్లే కట్టవచ్చును. స్వంత అభిరుచి ననుసరించి మార్చి అలంకరింపవచ్చును. లేదా పందెపు కారుగా దిద్దవచ్చును. ఏటేట కొత్తకారులు బజారునకు వచ్చినప్పుడెల్ల వాని నమూనాలును వచ్చెడివి. తండ్రి కొన్న కారును కుమారుడు తన బల్లపై కట్టుకొనెను. అంతకంటె ముఖ్యమైనది ఆ ఎంపిక. మూడు మార్గములలో ఏది కావలెనో నిర్ణయించువాడు బాలుడు. పెద్దలు అన్నిటిని నిర్ణయించు వయసులో అతనికి లభించిన అధికారమది.

ఇప్పుడు జిగురును గురించి చెప్పవలెను. కొయ్యను అతికించు జిగురు రెంటి నడుమ పొరగా నిలిచి పట్టుకొనును. ప్లాస్టిక్ నమూనాలకు వాడు జిగురు తీరు వేరు. అందలి ద్రావకము రెండు ముక్కల అంచులను కొంచెము కరిగించును. కరిగిన అంచులు ఒకదానిలో నొకటి కలిసిపోవును. ద్రావకము ఆవిరియైన పిమ్మట ఆ రెండును ఒకే ముక్క యగును. లోహములను అతుకు వెల్డింగు వంటిదే ఇదియును. తప్పుగా అతికినచో విడదీయుట కష్టము. జిగురంటిన వ్రేలు అద్దముపై పడినచో ఆ వ్రేలిముద్ర శాశ్వతము. తొందరపాటునకు ఫలమేమో ఏ గురువును చెప్పనక్కరలేకయే బాలునకు తెలిసెడిది. ఈ జిగురునకు చీకటి ముఖమును కలదు. అందలి టొలువీన్ వంటి ద్రావకముల ఆవిరిని మత్తుకొరకు పీల్చు దురలవాటు 1960లలో అమెరికా యువకులలో ప్రబలి, కొందరి ప్రాణములను తీసెను. ఆ దశాబ్దపు చివర టెస్టర్ సంస్థ తన జిగురులో ఆవల ఘాటునిచ్చు తైలమును కలిపి, దానిని పీల్చుట దుర్భరముగా చేసినది. మధురస్మృతులను చెప్పుకొనువారు దీనిని సామాన్యముగా తలపరు. మేము దీనిని విడువదలచుకొనలేదు.

జపాన్‌లో ఈ విద్య మరియొక మెట్టు పైకెక్కెను. షిజువోకా నగరమున 1946లో యోషియో టమియా కొయ్యకోత మిల్లును స్థాపించెను. 1951లో అగ్నిప్రమాదము సంభవించి ఆ వ్యాపారమునకు తీరని నష్టము కలిగెను. రెండేండ్ల పిమ్మట ఆ సంస్థ కొయ్య నమూనాలకే పరిమితమయ్యెను. 1960లో దాని మొదటి ప్లాస్టిక్ నమూనా, యమాటో యుద్ధనౌక, లాభమును తేలేదు. మరుసటి సంవత్సరము విడుదలైన పాంథర్ టాంకు దానిని నిలబెట్టినది. 1967లో హోండా పందెపు కారును పండ్రెండవ వంతు పరిమాణమున, ఇంజను గొట్టములతో సహా, ఆ సంస్థ తయారుచేసెను. 1976లో పోర్షె 934 నమూనాకు పూనుకొన్నప్పుడు, వివరములు సరిపోవలెనని అసలైన పోర్షె కారునొకదానిని కొని విప్పి చూచిరి. బాలుడు ఇంటిలో చేయునది కూర్పు. అచ్చు చెక్కువారు ముందుగా చేయవలసినది విప్పుట. ఈ రెండును ఒకే జ్ఞానమునకు రెండు కొనలు.

ఇంతకును ఈ పనివలన బాలునకు ఏమి లభించెను? మైకేల్ నార్టన్, డేనియల్ మొకాన్, డాన్ ఏరియలీ అను ముగ్గురు పరిశోధకులు 2012లో ఒక వ్యాసము ప్రకటించిరి. తమ చేతులతో కూర్చిన పెట్టెలకు, కాగితపు బొమ్మలకు జనులు ఎక్కువ విలువ కట్టుదురని వారు ప్రయోగములద్వారా చూపిరి. అనుభవము లేనివారు తాము వంకరటింకరగా మడచిన కాగితపు బొమ్మను నిపుణుల పనితనముతో సమానముగా ఎంచిరి. కాని ఒక షరతు కలదు. పని పూర్తికాకున్నను, పూర్తియైనదానిని విప్పివేసినను, ఆ విలువ నిలువలేదు. నమూనా కారు విషయమున ఇది చక్కగా అన్వయించును. దానికి ఆది కలదు, అంతము కలదు; నాలుగైదు సాయంకాలములలో ముగియును. బాలుడు పూర్తి చేయగలిగిన పని అది.

ఇట్టి చేతిపని జీవనమార్గమై పరిణమించిన దృష్టాంతములును కలవు. జనరల్ మోటర్స్ సంస్థకు చెందిన ఫిషర్ బాడీ విభాగము 1930 నుండి 1968 వరకు క్రాఫ్ట్స్‌మెన్స్ గిల్డ్ పేరిట బాలురకు పోటీలు నిర్వహించెను. ఇందు పెట్టెలో వచ్చిన ముక్కలు లేవు. తొలుత రాజశకటమును, తరువాత తామే ఊహించిన కారును బాలురు మొదటినుండి తయారుచేయవలెను. గెలిచినవారికి చదువునిమిత్తము వేతనములు లభించెను. 1947లో బహుమతి పొందిన చార్లెస్ జోర్డన్ తదుపరి అదే సంస్థలో రూపకల్పన విభాగమునకు అధిపతియయ్యెను. ఐతే ఆ పోటీలు బాలురకు మాత్రమే. నమూనాల ప్రకటనలును బహుశః బాలురనుద్దేశించినవే. అదే ఇంటిలో పెరిగిన చెల్లెలికి ఆ బల్లపై చోటు దొరకుట అరుదు. ఈ స్మృతి అందరిదియు కాదని గుర్తుంచుకొనుట న్యాయము.

1973లో సంభవించిన చమురు సంక్షోభముతో పాలిస్టైరీన్ ధర పెరిగెను. ఆ దశాబ్దపు చివర తెరపై ఆడు వీడియో ఆటలు వ్యాపించెను. 1981లో ఎయిర్‌ఫిక్స్ మాతృసంస్థ దివాలా తీసినది. చేతులు మారి మారి ఆ పేరు 2006లో హార్న్‌బీ సంస్థకు చేరెను. రెవెల్, మోనోగ్రామ్ సంస్థలు 1986లో ఏకమయ్యెను. కొన్నవారు పెద్దలైరి, కాని వారి స్థానమున పిల్లలు అంతగా రాలేదు. నిలిచియున్న ఉక్కు అచ్చులతో పాత నమూనాలను, పాత మూతచిత్రములతోనే, మరల విడుదల చేయుట ఒక వ్యాపారమైనది. ఐనను అన్నియు మరల రావు. ఆనాడు ఏటేట వెలువడిన నమూనాల అచ్చులను, ఖర్చు తగ్గింపదలచి, మరుసటి సంవత్సరపు కారునకు తగినట్లు తిరిగి చెక్కిరి. అట్టివాని పూర్వరూపము అచ్చులోనే నశించెను. కట్టకుండ మిగిలిన పెట్టె యెచ్చటనైన దొరకినచో దానికి పెద్ద ధర పలుకుట ఇందుచేతనే.

అటుకపై భద్రపరచిన నమూనాకును ముప్పు తప్పలేదు. మెత్తనిటైర్లు వినైల్ అను ప్లాస్టిక్‌తో చేసినవి. వానిని మెత్తగానుంచుటకు కలిపిన తైలమువంటి పదార్థము ఏండ్ల తరబడి మెల్లగా వెలికివచ్చి, తాకియున్న పాలిస్టైరీన్ చక్రమును కరిగించును. ఎవ్వరును ముట్టకపోయినను కారు తన టైర్లచేతనే చెడును. దాచినది దాచినట్లే యుండునన్న నమ్మకమునకు ఈ చక్రములు సమాధానము.

మొదటి ప్రశ్నకు మా సమాధానమిది. పెద్దలు కోరుచున్నది కారును కాదు. ఒక పనిని తమకు అప్పగించి, పాడుచేసినను సహించి, ముగించువరకు కాచుకొన్న ఆ సాయంకాలములను. పాత పెట్టె కొన్నంతమాత్రమున అవి రావు. కాని ఇతరులకు ఈయవచ్చును. జిగురక్కరలేక నొక్కినంతనే అతుకుకొను నమూనాలు నేడు లభించుచున్నవి. ఎనిమిది, తొమ్మిదేండ్ల పిల్లలకు, ఆడపిల్లలకును మగపిల్లలకును, వానితో ప్రారంభించుట మేలు. జిగురు వాడు వయసు వచ్చినప్పుడు కిటికీలు తెరచియుంచి, పెద్దలు ప్రక్కన కూర్చుండవలెను. కత్తి పనిని మొదట చూపి, తరువాత వారి చేతికీయవలెను. ఒక ముక్క వంకరగా అతికినచో వెంటనే సరిచేయుటకు చేయి చాపవద్దు. ఆ వంకరబంపరుగల కారునే వారు పెద్దలైన పిమ్మట జ్ఞాపకముంచుకొందురు.