నల్లపావులకు అండ.. ఫ్రెంచ్ డిఫెన్స్

తొలి రెండు ఎత్తుల్లోనే కోట
సమయానికి ఎదురుదాడి చేయకుంటే ఇరుకే

గిద్దలూరు: చదరంగంలో నల్లపావులు వస్తే సగం ఓడినట్లేనని కొత్తగా నేర్చుకొనే విద్యార్థులు నిరుత్సాహపడుతుంటారు. తొలి ఎత్తు తెల్లపావులదే కావడం ఇందుకు కారణం. అయితే 2024 నవంబరు 25న సింగపూర్‌లో ప్రారంభమైన ప్రపంచ ఛాంపియన్‌షిప్ తొలి గేమ్‌లో తెలుగు కుటుంబానికి చెందిన చెన్నై క్రీడాకారుడు గుకేశ్ తెల్లపావులతో ఆడి ఓటమి పాలయ్యాడు. నాటి ఛాంపియన్, చైనాకు చెందిన డింగ్ లిరెన్ ఎంచుకొన్నది ఫ్రెంచ్ డిఫెన్స్.

1834లో లండన్, పారిస్ నగరాల మధ్య ఉత్తరాల ద్వారా మొదలైన పోటీలో పారిస్ జట్టు ఈ పద్ధతిలో ఆడి నెగ్గడంతో ఆ పేరు స్థిరపడింది.

ఆరంభం ఇలా..

తెల్లవారు రాజు ఎదుటి బంటును రెండు గడులు జరిపితే, నల్లవారు తమ రాజు బంటును ఒక్క గడి మాత్రమే జరుపుతారు. అవతలివారు మంత్రి బంటును కూడా రెండు గడులు తేగానే, ఇటు మంత్రి బంటును రెండు గడులు పంపి తెల్ల రాజు బంటుపై దాడికి దిగుతారు. వెనుక బంటు దన్ను ఉన్నందున ఈ కోట అంత సులువుగా కూలదు.

తెల్లవారు తమ రాజు బంటును మరో గడి ముందుకు తోస్తే మధ్యభాగం మూసుకుపోతుంది. నల్లపావులకు చోటు ఇరుకవుతుంది. చాలామంది పిల్లలు ఇక్కడే కాచుకు కూర్చొని ఓడిపోతారు. మంత్రివైపు శకటు ఎదుటి బంటును వెంటనే రెండు గడులు పంపి, తెల్లబంట్ల గొలుసుకు మొదలైన మంత్రి బంటును కొట్టాలి. గుర్రం, మంత్రి దానిపైనే ఒత్తిడి పెంచాలి. అదను చూసి రాజువైపు శకటు బంటుతో గొలుసు కొసనూ ఢీకొనాలి.

పల్లె అరుగులపై పులిజూదం ఆడినవారికి ఇది కొంత తెలిసిన విద్యే. మేకలు పులులను చంపవు, దారులు మూసి కదలనీయవు. కాకపోతే ఇక్కడ దారి మూయడంతో పని ముగియదు, తిరిగి తెరవాలి.

శకటుతోనే చిక్కు

మంత్రి పక్కనున్న తెల్లగడుల శకటు సొంత బంట్ల వెనుకే చిక్కుకుపోవడం ఈ పద్ధతిలో పెద్ద లోపం. దానిని ప్రత్యర్థి శకటుతో మార్పిడి చేసుకోవడం మేలైన ఉపాయం. తెల్లవారు ఆరంభంలోనే బంట్లను మార్చుకొంటే మాత్రం దానికి దారి దానంతటదే తెరుచుకొంటుంది. ఆట సమంగా సాగుతుంది. అయిదో గేమ్‌లో గుకేశ్ ఆ మార్గమే పట్టగా ఫలితం డ్రా అయింది.

గుంటూరుకు చెందిన గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ ఈ డిఫెన్స్‌పై ఆన్‌లైన్ పాఠాలు రూపొందించారు. సింగపూర్ పోరులో గుకేశ్ సహాయక బృందంలోనూ ఆయన ఉన్నారు. డిసెంబరు 11న 13వ గేమ్‌లో డింగ్ మళ్లీ ఇదే ఆడి డ్రాతో గట్టెక్కాడు. మరునాడు నల్లపావులు గుకేశ్‌వి. ఆ గేమ్ గెలిచి 7.5-6.5తో 18 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.