ఊరి బాధకు వకాల్తా

"సారూ, సర్కారు మీద దావా ఎయ్యాలంటే ఎన్నెకరాలు అమ్మాలె?" అని పెద్దవూరలో ఒక పెద్దాయన నన్నడిగాడు. ఊరందరి బాధకైతే ప్రజాప్రయోజన వ్యాజ్యమనే దారి వుంది.

మామూలుగా దెబ్బ తిన్నవాడే కోర్టు మెట్లెక్కాలి. నోరు లేనివారి పక్షాన, స్వలాభం కోరని మరొకరు కూడా ఎక్కవచ్చునని సుప్రీంకోర్టు 1981లో తేల్చింది. రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టుకే వెళ్ళవచ్చు. 2001లో ఫ్లోరైడు నీళ్ళ వ్యాజ్యంలో నాటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, మంచినీరు జీవించే హక్కులో భాగమేనన్నది. ఫ్లోరైడుతో నడుములు వంగిన మా నల్లగొండ జిల్లాకు ఆ మాట విలువ తెలుసు.

ఒక మనవి: పగ తీర్చుకోవడానికి ఈ దారి పట్టకండి, కోర్టు జరిమానా వేస్తుంది. ముందు అధికారులకు అర్జీ పెట్టి, రసీదు దాచండి. కదలిక లేకపోతే న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళండి. స్త్రీలకూ, షెడ్యూల్డు కులాల, తెగలవారికీ అక్కడ వకీలును ఉచితంగా ఇస్తారు.