వీడియో తీస్తూ పక్కగా పోతున్నామా?

2017 అక్టోబరులో విశాఖపట్నంలో పట్టపగలు ఫుట్‌పాత్ మీద ఒక మహిళపై అత్యాచారం జరిగింది. పక్కనుంచి జనం నడిచి వెళ్తూనే ఉన్నారు. ఒక ఆటో డ్రైవర్ ఫోన్‌లో వీడియో తీశాడు. నిందితుణ్ణి తర్వాత పోలీసులు అరెస్టు చేశారు. కానీ ఆ క్షణంలో ఆమెకు కావలసింది సాక్ష్యం కాదు, ఒక మనిషి. 2024 సెప్టెంబరులో ఉజ్జయినిలోనూ ఇలాంటిదే జరిగింది. ఆ దారుల్లో నడిచివెళ్లిన వాళ్లలో ఆదివారం ఆరాధనకు వెళ్లేవాళ్లు లేరని మనం చెప్పగలమా?

వాళ్లంతా రాతిగుండెవాళ్లని అనుకుంటే మనకు తేలిక. అసలు సంగతి వేరు. 1968లో లటానే, డార్లీ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. పక్క గదిలో ఎవరికో మూర్ఛ వచ్చినట్టు వినిపించినప్పుడు, విన్నది తానొక్కడినే అనుకున్నవారిలో 85 శాతం మంది వెంటనే సాయానికి కదిలారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్నవారిలో 31 శాతమే. జనం పెరిగేకొద్దీ ‘ఎవరో ఒకరు చూసుకుంటారులే’ అనే ధీమా పెరుగుతుంది. ఇప్పుడు చేతిలో ఫోన్ కూడా ఉంది కాబట్టి, ఏదో చేస్తున్నామన్న తృప్తి అదనం.

అదే డార్లీ మరొకరితో కలిసి 1973లో ప్రచురించిన పరిశోధన మనల్ని ఇంకా కుదిపేస్తుంది. ఈసారి పరీక్షించింది ప్రిన్స్‌టన్ వేదాంత కళాశాల విద్యార్థులను. ప్రసంగం చేయడానికి మరో భవనానికి పంపారు. కొందరికి ఇచ్చిన అంశం మంచి సమరయుని ఉపమానమే! దారిలో ఒక మనిషి మూలుగుతూ పడి ఉన్నాడు. ఆలస్యమైందని తొందరపెట్టినవారిలో పదిమందికి ఒక్కరే ఆగారు. తీరిక ఉన్నవారిలో ఆరుగురు ఆగారు. ప్రసంగాంశం మాత్రం చెప్పుకోదగ్గ తేడా తేలేదు. లూకా 10వ అధ్యాయంలోని యాజకుడు, లేవీయుడు ఎంత తొందరలో ఉన్నారో మనకు తెలియదు గానీ, మనం ఎంత తొందరలో ఉంటామో మనకు తెలుసు.

వీడియో తీయడమే పాపమని మేము అనడం లేదు. 2020లో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు మోకాలు మోపినప్పుడు, 17 ఏళ్ల డార్నెల్లా ఫ్రేజియర్ తీసిన వీడియోయే లోకానికి నిజం చెప్పింది. అయితే అక్కడున్నవాళ్లు ఊరకే నిలబడలేదు, అతణ్ణి వదిలేయమని పోలీసులను బతిమాలారు.

కత్తి పట్టుకున్నవాడి మీదికి ఒంటరిగా దూకమని ఎవరూ అడగరు. 112కి ఫోన్ చేయొచ్చు. గట్టిగా కేకలు వేయొచ్చు. గుంపులో ఒకరిని చూపించి, ‘అన్నా, నీలం చొక్కా, నువ్వు అంబులెన్సుకు ఫోన్ చెయ్’ అంటే చాలాసార్లు ఆ మనిషి కదులుతాడు. అందరినీ ఉద్దేశించి అంటే ఎవరూ కదలరు.

‘సాయం చేస్తే పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరగాలి’ అనే భయం మన పెద్దల కాలంలో ఉత్తది కాదు. కానీ 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఏ సెక్షన్, రోడ్డు ప్రమాద బాధితులకు మంచి మనసుతో సాయపడినవారిపై కేసులు పెట్టకుండా రక్షణ ఇస్తోంది. పేరు, చిరునామా చెప్పమని వాళ్లను బలవంతపెట్టకూడదు. ఆ చట్టం వాళ్లను పిలిచే పేరు కూడా ‘గుడ్ సమారిటన్’ అనే.

ఇంకొక్క మాట. ప్రమాదాల వీడియోలు, దాడుల వీడియోలు ‘ప్రార్థన చేయండి’ అనే మాటతో మన సంఘాల వాట్సాప్ గ్రూపుల్లోకీ వస్తుంటాయి. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం నేరం. నేరం కాకపోయినా, రోడ్డు మీద రక్తంలో పడి ఉన్నది మన చెల్లెలైతే ఆ వీడియో రెండొందల మందికి పంపుతామా? ఈ వారం అలాంటిదేమైనా వస్తే తుడిచేసి, పంపినవారికి ఒక ఫోన్ చేసి చెప్పండి.