కొన్నవాడికే తాళం

మొన్న శనివారం గరాజు సర్దుతుంటే పాత డివిడిల పెట్టె బయటపడింది. ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక్కొక్కటే డబ్బులిచ్చి కొనుక్కున్నవి. మా అమ్మాయికి ఒకటి చూపిద్దామని నా పాత ల్యాప్‌టాప్‌లో పెట్టాను. అందులో ఉన్నది లినక్సు. డిస్కు తిరిగింది గానీ బొమ్మ రాలేదు.

"మనం కొన్నదే కదా నాన్నా, ఎందుకు రాదు?" అంది.

చెప్పబోతే పెద్ద కథే అయింది. సినిమా డివిడిల్లో చాలావాటికి సిఎస్ఎస్ అనే డిజిటల్ తాళం ఉంటుంది. తాళంచెవి కావాలంటే ప్లేయరు తయారుచేసేవాళ్ళు లైసెన్సు తీసుకుని, ఆ గుట్టు పొక్కనివ్వమని ఒప్పుకోవాలి. ఓపెన్ సోర్సులోనేమో కోడంతా అందరి ముందూ పరిచి ఉంటుంది. ఇక గుట్టు దాచేదెక్కడ?

1999లో నార్వే కుర్రాడు యోన్ యోహాన్సెన్, మరో ఇద్దరితో కలిసి ఈ తాళం తీసే డీసిఎస్ఎస్ అనే చిన్న ప్రోగ్రామును నెట్‌లో పెట్టాడు. అప్పటికి అతనికి 15 ఏళ్ళు. కేసు నడిచింది. 2003లో కింది కోర్టూ, పైకోర్టూ అతను నిర్దోషి అన్నాయి.

అమెరికాలో కథ వేరు. 1998లో వచ్చిన డిఎంసిఎ చట్టం 'కాపీ చేశావా?' అన్న దగ్గరే ఆగదు, 'తాళం తీశావా?' అని కూడా అడుగుతుంది. తాళం తీసే పనిముట్టును పదిమందికీ పంచడమూ తప్పే. 2000లో న్యూయార్కు కోర్టు, ఆ ప్రోగ్రామును ప్రచురించిన '2600' పత్రికను అది దొరికే చోట్లకు లింకులు కూడా ఇవ్వొద్దంది. లిబ్‌డివిడిసిఎస్ఎస్ అనే లైబ్రరీ ఉంటే నా ల్యాప్‌టాప్‌లోనూ బొమ్మ వస్తుంది. కానీ ఉబుంటులాంటివి దాన్ని తమతో కలిపి ఇవ్వవు.

మూడేళ్ళకోసారి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కొన్ని మినహాయింపులు ప్రకటిస్తుంది. లినక్సులో డివిడి చూసుకోనివ్వమని అడిగినవాళ్ళకు అది దక్కలేదు. వేరే ప్లేయర్లు ఉన్నాయి కదా అన్నారు. పైగా, మినహాయింపు దొరికినవాళ్ళకైనా తాళం తీసుకునే అనుమతే గానీ, తీసే పనిముట్టు పంచే అనుమతి ఉండదు. ప్రోగ్రాం రాయగలిగినవాడు ఎలాగో గట్టెక్కుతాడు. మిగతావాళ్ళ సంగతి?

ఇండియాలో 2012లో కాపీరైటు చట్టానికి చేర్చిన 65ఎ సెక్షను, హక్కులకు భంగం కలిగించే ఉద్దేశంతో తాళం తీస్తేనే నేరమంటుంది. అంటే, విజయవాడలో మా అన్నయ్య ఇదే పని చేస్తే చట్టం అతని ఉద్దేశమేమిటో చూస్తుంది. ఇక్కడ నా ఉద్దేశం అడిగే నాథుడే లేడు.

చివరికి పక్కింటివాళ్ళ పాత ప్లేయరు అడిగి తెచ్చి సినిమా చూశాం. దొంగ డిస్కులు అమ్మేవాడికి ఈ తాళం ఏనాడూ అడ్డు కాలేదు. డబ్బిచ్చి కొని, తనకు నచ్చిన కంప్యూటరులో చూసుకుందామనుకున్నవాడికే అడ్డొచ్చింది.

మా అమ్మాయి అడిగినదానికి చట్టం ఏమంటుందో చెప్పాను. అది న్యాయమని మాత్రం చెప్పలేకపోయాను.