బటన్ నొక్కితే పలకదేం?

సాయంత్రం ఆరవుతోంది. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగి ఓసారి తలెత్తి చూడండి. జావా, డాట్‌నెట్, ఫుల్‌స్టాక్ పైథాన్... మేడల నిండా బోర్డులే. కింద చాయ్, మిర్చి బజ్జీ. పైన కంప్యూటర్ల ముందు కుర్రకారు. నల్గొండ నుంచో, సూర్యాపేట నుంచో వచ్చి ఎల్‌బీనగర్‌లో బస్సు దిగినవాళ్లు. అక్కడ మెట్రో ఎక్కితే దిల్‌సుఖ్‌నగర్ మూడో స్టేషన్. 2018 సెప్టెంబరులో ఈ లైను మొదలయ్యాక అమీర్‌పేట కూడా ఒక్క రైలు దూరమే అయింది. డిగ్రీ చేతిలో ఉంది. ఉద్యోగం రావాలి. మధ్యలో అడ్డంగా ఒక ప్రాజెక్టు!

సర్వర్ వైపు కోర్సు ఒక సారు చెబుతారు. జావాస్క్రిప్ట్ ఇంకో సారు చెబుతారు. విడివిడిగా చూస్తే రెండూ బాగానే నడుస్తాయి. ఒక్కచోట కలిపితేనే చిక్కు. బటన్ నొక్కితే ఉలుకూ ఉండదు, పలుకూ ఉండదు. రెండు వంటలూ నేర్పారు గానీ, రెండింటినీ ఒకే కంచంలో వడ్డించడం మాత్రం ఎవరి సిలబస్‌లోనూ లేదు.

ప్లేటు కౌంటర్ దాటాక...

టిఫిన్ సెంటరునే తీసుకోండి. వంటవాడు దోసె వేసి ప్లేటు కౌంటర్ మీద పెట్టేశాడు. అంతటితో అతని పని అయిపోయింది. చట్నీ కావాలంటే మీరే మళ్లీ కౌంటర్‌కి వెళ్లాలి. జాంగో, స్ప్రింగ్, ఏఎస్‌పీ డాట్‌నెట్ లాంటి ఫ్రేమ్‌వర్కులు ఆ వంటవాడి లాంటివి. సర్వర్లో పేజీ తయారుచేసి పంపేస్తాయి. జావాస్క్రిప్ట్ నిద్రలేచేది ఆ తర్వాతే, అదీ మీ బ్రౌజర్‌లో. చోటు వేరు, సమయం వేరు. రెండూ ఒకే ఫైల్లో కనిపిస్తాయి కాబట్టి కొత్తవాళ్లు ఒకటే అనుకుంటారు.

ఈ తికమక ఇవాళ్టిది కాదు. నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ జావాస్క్రిప్ట్ తొలి రూపాన్ని 10 రోజుల్లో తయారుచేసింది 1995లో. చాలాకాలం ఫారంలో ఖాళీలు నింపారో లేదో చూడ్డానికే దాన్ని ఎక్కువగా వాడారు. 2004లో జీమెయిల్, 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చాక దాని దశ తిరిగింది. అయినా సర్వర్ ప్రోగ్రామర్లకు అదంటే చిరాకే. 'జావా రాయండి చాలు, జావాస్క్రిప్ట్‌గా మేం మార్చేస్తాం' అంటూ గూగుల్ వెబ్ టూల్‌కిట్ వచ్చింది 2006లో. రూబీలో రాస్తే జావాస్క్రిప్ట్ పుట్టే ఏర్పాటు రెయిల్స్‌లోనూ అదే ఏడాది చేశారు. చివరికి అందరూ చేత్తో రాసే కోడ్ దగ్గరికే తిరిగొచ్చారు.

పాత ఏఎస్‌పీ డాట్‌నెట్‌తో కుస్తీ పట్టినవాళ్లకు ఇంకో కష్టం గుర్తుండే ఉంటుంది. పెట్టెకు మీరు 'నేమ్' అని పేరు పెడితే, పేజీ బయటికొచ్చేసరికి దానికి 'సీటీఎల్00' లాంటి తోకలు తగిలేవి. జావాస్క్రిప్ట్ పాత పేరుతో పిలిస్తే ఎవరు పలుకుతారు? పెట్టిన పేరు పెట్టినట్టే ఉంచమని చెప్పే సదుపాయం 2010లో వచ్చిన నాలుగో వెర్షన్‌లో గానీ రాలేదు.

పాత బటన్ కాదది

ఇప్పుడు ఒక హాస్టల్ ప్రాజెక్టు అనుకుందాం. తెర మీద గదుల జాబితా. ఒక్కో గది పక్కన 'తీసెయ్' బటన్. మొదటిసారి నొక్కితే గది పోయింది, సర్వర్ నుంచి కొత్త జాబితా వచ్చి కూర్చుంది. బ్రహ్మాండం! రెండోసారి నొక్కితే... ఏమీ లేదు. ఎర్ర అక్షరాల్లో తప్పు కూడా చూపించదు. రాత్రి రెండింటి దాకా నిద్ర చెడగొట్టేది ఇదే.

ఏం జరిగింది? 'నొక్కితే ఈ పని చెయ్యి' అని బటన్లకు చెప్పింది పేజీ తెరుచుకున్నప్పుడు ఒక్కసారే. జాబితా మారగానే ఆ బటన్లు పోయాయి. వచ్చినవి కొత్తవి. చూడ్డానికి అచ్చం అవే గానీ, వాటికి ఎవరూ ఏమీ చెప్పలేదు. మందు చిన్నదే. ఆ మాట ఒక్కో బటన్‌కు కాక, ఎప్పటికీ మారని బయటి పెట్టెకు చెప్పాలి. గదిగదికీ కాపలా పెట్టకుండా గేటు దగ్గర ఒక్క వాచ్‌మన్‌ను కూర్చోబెట్టినట్టన్న మాట. అప్పుడు లోపల ఎవరు మారినా ఫర్వాలేదు.

టోకెన్ ఉందా?

అది దాటితే 403. జాంగోలో మామూలు ఫారంకైతే రహస్య టోకెన్‌ను టెంప్లేటులో ఒక్క ముక్క రాసి చేర్చేస్తాం. చేత్తో రాసిన జావాస్క్రిప్ట్ నుంచి సమాచారం పంపితే ఆ టోకెన్‌ను మనమే జతచేయాలి. మరిచిపోతే సర్వర్ గేటు దగ్గరే ఆపేస్తుంది. విసుగొచ్చి ఆ తనిఖీనే తీసేసేవాళ్లున్నారు. అది తాళం రావడం లేదని తలుపు ఊడబీకడమే. మీరు ఒక సైట్లో లాగిన్ అయి ఉండగా, ఇంకో సైటు మీ పేరుతో దొంగచాటుగా ఫారం పంపకుండా కాపాడేది ఆ టోకెనే మరి.

ఇంటర్వ్యూలో ఎక్కువగా చిక్కుకునేది మాత్రం ఇంకోచోట. హాస్టల్ ఫీజు 5500 రూపాయలు. డిస్కౌంటు, మొత్తం అన్నీ జావాస్క్రిప్టే చకచకా లెక్కకట్టి సర్వర్‌కు పంపుతోంది. చూడముచ్చటగా ఉంది. కానీ ఆ లెక్క జరిగేది ఎవరి కంప్యూటర్లో? కట్టేవాడి కంప్యూటర్లో! ఎఫ్12 నొక్కితే లోపలి సరుకంతా కనిపిస్తుంది. 5500ను 55 చేయడానికి అర నిమిషం చాలు. సర్వర్ తన దగ్గరున్న ధరతో మళ్లీ లెక్కకడితే ఆ ఆట అక్కడితో బంద్. కట్టకపోతే రసీదు కూడా వచ్చేస్తుంది... యాభై అయిదు రూపాయలకు!