ఇంటి తుపాకి – ఇల్లాలి బాధ్యత

ఆయుధము ఇంటికి రక్షయా, భయకారణమా యను ప్రశ్న క్రొత్తది గాదు. అరణ్యకాండమున సీతాదేవియే శ్రీరామునియెదుట ఈ ప్రసంగమును దెచ్చినది. ఇంద్రుడు భటవేషమున వచ్చి యొక తపస్వికి ఖడ్గమును దాచుమని యిచ్చిపోయెననియు, సొమ్ము పోవునేమో యను భీతిచే ఆ తపస్వి పండ్లకును దుంపలకును పోవునపుడు సైతము దానిని చేతబట్టియే తిరుగుచు, క్రమముగా తపస్సు మఱచి క్రూరుడై నరకమున బడెననియు ఆమె చెప్పినది. ఆర్తుల మొఱ వినబడకుండుటకే క్షత్రియులు విల్లు దాల్తురని శ్రీరాముడు బదులు చెప్పెను. ఆ దంపతుల మాటలు రెండును సత్యములే. ఆ రెండింటి నడుమ మన యిల్లు ఎచ్చట నున్నదో తెలిసికొనుట మన పని.

నేడు తోటలందును, ఊరి వెలుపలను ఒంటరిగా కాపురముండు కుటుంబములు కొన్ని, ఇంట నొక తుపాకి యున్న మేలని తలచుచున్నవి. కొనువారు తఱచుగా పురుషులు. కాని పగలును రేయియు దానితో నొక కప్పు క్రింద నుండువారము మనము. బీరువా తాళములు మన కొంగున నుండును; పిల్లలు మన కన్నుల యెదుట తిరుగుదురు. కావున ఈ వస్తువును గూర్చి ముందుగా నెఱుగవలసినవారము మనమే. సోదరీమణులు తుపాకి కొనవలెనని గాని, కొనరాదని గాని చెప్పుట నా యుద్దేశము కాదు. పేల్చుటయు, దాచుటయు నేర్వనిదే దానిని గడప దాటి లోనికి రానీయరాదని మాత్రమే నా మనవి.

గృహరక్షణకై మన దేశమున సామాన్యముగా కొనునది పండ్రెండు బోరు తుపాకి. ఈ పండ్రెండు అను సంఖ్య ఎట్లు వచ్చినదో చాలమందికి తెలియదు. ఒక పౌను, అనగా సుమారు 454 గ్రాముల సీసమును 12 సమానమైన గుండ్లుగా పోతపోసినచో, అందొక గుండు సరిగా పట్టునంత వెడల్పుగలది ఆ గొట్టము. ఆ వెడల్పు సుమారు 18.5 మిల్లీమీటర్లు. సంఖ్య పెరిగినకొలది నూలు సన్నమగునట్లే, బోరు సంఖ్య పెరిగినకొలది గొట్టము సన్నమగును. కావున 20 బోరు తుపాకి పండ్రెండు బోరు కంటె సన్నని గొట్టము గలది.

రైఫిలు గొట్టము లోపల మరచుట్లుండును. అది ఒక్క గుండును బహుదూరము పంపును. ఈ తుపాకి గొట్టము లోపల నున్నగా నుండి, తూటాలోని సీసపు గుండ్లను గుంపుగా పంపును. పిట్టలను గొట్టు తూటాలో సన్నని గుండ్లు వందలకొలది యుండును. పెద్దగుండ్ల తూటాలో లెక్కపెట్టదగినన్ని మాత్రమే యుండును. ఒంటిగొట్టపు తుపాకులు, జంటగొట్టముల తుపాకులు, గొట్టము క్రింది పిడిని వెనుకకు ముందుకు లాగి తూటా నెక్కించు పంపు తుపాకులు అని వీనిలో భేదములు కలవు. బెంగాలులోని ఇషాపూరు కర్మాగారము జంటగొట్టముల తుపాకులకును, తిరుచిరాపల్లి కర్మాగారము పంపు తుపాకులకును పేరు పొందినవి.

ఇక చట్టము మాట. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేనిదే తుపాకి నుంచుకొనుట నేరము. దరఖాస్తు చేయువారికి 21 యేండ్లు నిండవలెను. పోలీసువారు విచారించి నివేదిక పంపిన పిమ్మట జిల్లా మేజిస్ట్రేటుగాని, హైదరాబాదు వంటి నగరములలో పోలీసు కమిషనరుగాని లైసెన్సు నిత్తురు. 20 అంగుళములకు తక్కువగాని నున్నని గొట్టపు తుపాకిని ఆత్మరక్షణకును, వినోదమునకును లైసెన్సు పొందదగినదానిగా ఈ చట్టము ప్రత్యేకముగా పేర్కొన్నది. 2016 నాటి నిబంధనలు, దరఖాస్తు చేయువారు తుపాకిని సురక్షితముగా వాడుటయందు శిక్షణ పొందవలెననియు, దానిని భద్రముగా దాచుటకు పూచీ పడవలెననియు విధించినవి. 2019 నాటి సవరణచే ఒకరియొద్ద నుండదగిన తుపాకులు మూడింటినుండి రెండింటికి తగ్గినవి. లైసెన్సు గడువు మూడేండ్లనుండి అయిదేండ్లకు పెరిగినది. పెండ్లి యూరేగింపులలో సంతోషముపట్టలేక ఇతరుల కపాయము కలుగునట్లు పేల్చువారికి రెండేండ్లవరకు చెఱసాలయో, లక్ష రూపాయలవరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును.

ఇందు ఇల్లాండ్రు ముఖ్యముగా గమనింపదగిన విషయ మొకటి కలదు. లైసెన్సు వ్యక్తికే గాని కుటుంబమునకు గాదు. భర్తపేర నున్న తుపాకి భార్యది కానేరదు. ఆయన ఊర లేనపుడు ఆమెకు రక్షణగా నుండవలెనను తలంపుతో కొనునట్లయిన, లైసెన్సు ఆమెపేరనే తీసికొనవలెను; శిక్షణయు ఆమెయే పొందవలెను.

స్త్రీల కిది తగునా యని కొందఱు శంకింతురు. సత్యభామ విల్లెత్తిన కథను ప్రతి దీపావళికిని చెప్పుకొను మనకు ఈ శంక రాదగదు. తెలంగాణ సాయుధపోరాటమున మల్లు స్వరాజ్యముగారు తుపాకి పట్టి దళమును నడపిరి. 2012 లండను ఒలింపిక్సు క్రీడలలో శగున్ చౌదరి ఈ నున్నని గొట్టపు తుపాకితోడనే పోటీచేసి, ఆ విభాగమున ఒలింపిక్సు కెక్కిన మొదటి భారతీయ వనిత యయ్యెను. 2024 పారిసు క్రీడలలో మహేశ్వరీ చౌహాను జంటపోటీయందు ఒక్క గుఱి తేడాతో కంచుపతకమును కోల్పోయెను. కావున స్త్రీ చేతికి ఇది బరువైన వస్తువు కాదు. అభ్యాసమే కావలసినది.

ఆ యభ్యాస మెట్టిదో కన్నులార చూచు నవకాశము నాకు కలిగినది. మా పినతల్లిగారి కుమార్తె నూజివీడు ప్రాంతమున మామిడితోట నడుమ కాపురమున్నది. మా మఱది కాయల వ్యాపారమునకై నెలకు పదిదినములు ఊర నుండడు. ఇంట ఆమెయు, అత్తగారును, పసివాండ్రిద్దఱును. తోటలో మోటారు తీగలు రెండుమారులు దొంగలపాలైనవి. ఒకనాటి రేయి ఎవరో తలుపు తట్టి, పేరడిగిన చెప్పక వెడలిపోయిరి. అంతట ఆమెపేర లైసెన్సు తీసికొని జంటగొట్టముల పండ్రెండు బోరు తుపాకి నొకదానిని కొనిరి. అది యింట నడుగుపెట్టుటకు ముందే ఫైరింగు రేంజిలో పేల్చి చూడవలెనని మా చెల్లెలు పట్టుపట్టినది. తోడుగా నన్ను రమ్మన్నది.

ఎదుట ఎత్తైన మట్టికట్ట, దాని ముందు కాగితపు గుఱులు, ఇవతల సిమెంటు అరుగు: రేంజి యనగా ఇంతయే. నేర్పువారు సైన్యమున పనిచేసి విరమించిన సుబేదారుగారు. వారు మొదటి అరగంట తూటా నియ్యనేలేదు. తుపాకిని తెఱచుట, గొట్టములు ఖాళీగా నున్నవో లేవో చూచుట, మూయుట, ప్రక్కవారి కందిచ్చుట: ఇవియే ఇరువదిమారులు చేయించిరి. “ఇప్పుడే చూచితిని గదా, మరల నెందులకండీ?” అని మా చెల్లె లడిగినది. “అమ్మా, చూచినది మీ కన్ను. అందుకొనినది ఇప్పుడు మీ అక్కగారి చేయి. ఆమె కన్నును చూడవలెను” అని వారు బదులు చెప్పిరి. పిదప నాలుగు నియమములు కంఠస్థము చేయించిరి. ప్రతి తుపాకియు నిండియున్నదనియే భావింపవలెను. కాల్పదలపని దానివైపు గొట్టమును త్రిప్పరాదు. గుఱి కుదురువఱకు మీటపై వ్రేలుంచరాదు. గుఱి యేదో, దాని వెనుక నేమున్నదో తెలియక పేల్చరాదు.

తరువాత చెవులకు మూతలు, కన్నులకు అద్దములు పెట్టించిరి. 140 డెసిబెల్సు దాటిన ధ్వని ఒక్కమారే చెవికి శాశ్వతమైన హాని చేయగలదు. ఈ తుపాకి మ్రోత దానిని దాటును. ఎడమకాలు కొంచెము ముందునకు పెట్టి, మేను ముందుకు వంచి, తుపాకి మడమను భుజపు గుంటలో గట్టిగా నదిమి, చెంపను కొయ్యకు ఆనించి నిలువవలెను. మడమకును భుజమునకును నడుమ ఎడముంచిన, తుపాకి వెనుకకు తన్ని గాయపఱచును. మా చెల్లెలు పొట్టిది. ఆ మడమ నిడుపైన చేతులుగల పురుషునికై చేసినది. లైసెన్సుగల తుపాకి పనివానిచే దానిని కొంత కోయించి, కొనకు రబ్బరు మెత్త వేయింపుమని సుబేదారుగారు చెప్పిరి. అంగడిలో చూచి కొన్నంతమాత్రమున ఈ సంగతి తెలియదు.

మొదటి తూటా ప్రేలినపుడు ఆమె రెండడుగులు వెనుకకు వచ్చినది. గుండ్లన్నియు మట్టికట్టపైకి పోయినవి. కాగితమున కొక్కటియు తగులలేదు. రెండవదానికి నిలద్రొక్కుకొన్నది. అయిదవ తూటాకు గుఱి కుదిరినది. అప్పుడు సుబేదారుగారు ఆమెను కాగితములయొద్దకు తీసికొనిపోయి చూపిరి. ఇరువది గజముల దూరమున గుండ్లు చాటంత మేర చెదరియున్నవి. అయిదు గజముల దూరమున నన్నియు కలసి అరచేయి కప్పునంత రంధ్రము చేసినవి. ఈ తుపాకి గది నిండ గుండ్లు వెదజల్లుననియు, గుఱి చూడ నక్కఱలేదనియు లోకమున నొక నమ్మిక కలదు. ఇంటిలోని దూరములు అయిదాఱు గజములే కదా! అంత దగ్గఱ గుఱి తప్పినచో పూర్తిగా తప్పినట్లే.

ఆ పిమ్మట అంగుళము మందముగల చెక్కపలకను నిలిపి, పెద్దగుండ్ల తూటాను పేల్పించిరి. గుండ్లు పలకను దూసికొనిపోయి వెనుక కట్టలో దిగబడినవి. మా చెల్లెలు ఆ రంధ్రములను వ్రేలితో తడవి చూచి, చాలసేపు మాటాడలేదు. తరువాత మెల్లగా “అక్కయ్యా, మా నడవ చివర తలుపు ఇంత మందము కూడ నుండదు. పిల్లలు పండుకొనునది దాని వెనుకనే” అన్నది. సుబేదారుగారు ఒక కాగితమును తెప్పించి, ఆమెచే ఇంటి పటమును గీయించిరి. ఇటుకగోడ లెచ్చట, చెక్కతలుపు లెచ్చట, ఎవరెచ్చట పండుకొందురు అని యడిగి, ఎన్నడును గొట్టము త్రిప్పరాని దిక్కులను ఎఱ్ఱసిరాతో గుర్తించిరి. పటమున సగముపైగా ఎఱ్ఱనైనది. ఆనాటి పాఠములలో ఇదియే అన్నింటికంటె విలువైనది.

కడపట కన్నులు మూసికొని తూటాల నెక్కింపుమనిరి. రెండుమారులు తూటా చేజారి క్రిందపడినది. తెల్లవాఱిన వెలుగులో, తోడుగా నలుగురుండగా ఇట్లయినచో, నడిరేయి భయముతో వడకు చేతుల గతి యేమి? మూడు మాసముల కొకమారైనను వచ్చి అభ్యాసము చేయుదునని ఆమె అప్పుడే నిశ్చయించుకొన్నది.

తుపాకి యింటికి వచ్చిన పిమ్మట దాచుట రెండవ విద్య. గోడకు బిగించిన ఉక్కుపెట్టెలో తుపాకి యుండవలెను. తూటాలు వేఱొక తాళము క్రింద నుండవలెను. తాళపుచెవు లెచ్చటనుండునో పిల్లలకు తెలియరాదు. బట్టల బీరువా, పఱుపు క్రింద, అటక మీద అనునవి దాపరికములు కావు. పిల్లలు ముందుగా వెదకు చోట్లవియే. తుపాకి కంటబడిన ముట్టక, అవతలికి పోయి పెద్దలతో చెప్పవలెనని బిడ్డలకు నేర్పవలెను. అయినను ఆ నేర్పునే నమ్మి తాళము వేయకుండరాదు.

ఇంకొక మాట చెప్పుట కష్టమైనను చెప్పకతప్పదు. తుపాకి కంతటికిని శత్రువు వెలుపలినుండియే రాడు. ఇంట త్రాగుడుగాని, తీవ్రమైన కలహములుగాని, బ్రతుకుపై విరక్తి పుట్టించు మనోవ్యాధిగాని యున్నచో ఆ యింట తుపాకి యుండరాదు. ఒక్క నిముసపు క్రోధమో, దుఃఖమో తీరిపోవునది. తూటా చేసినది తీరిపోదు. అట్టి కాలము వచ్చినయెడల తుపాకిని పోలీసు ఠాణాలోగాని, లైసెన్సుగల వర్తకునియొద్దగాని భద్రపఱచుటకు చట్టమే వీలు కల్పించినది. ఎన్నికలవేళ ఠాణాలో నప్పగింపుమని యాజ్ఞ వచ్చుట కలదు. అట్లే గృహశాంతికొఱకు మనమై మనము అప్పగించుట తప్పుగాదు. అందు సిగ్గుపడవలసినది లేదు.

తాళముక్రింద నున్న తుపాకి దొంగ వచ్చువేళ కేమి పనికివచ్చునని మీ రడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. అందుచేతనే అది మొదటి రక్షణ కాజాలదు. గట్టి తలుపు, లోగడియ, పెరటి దీపము, మొఱుగు కుక్క, పిలిచిన పలుకు పొరుగు: ఇవి మొదటివి. పోలీసువారిని పిలుచుటకు 112 సంఖ్య గల ఫోను ప్రక్కనుండవలెను. పిల్లలను, పెద్దలను ఒక గదిలోనికి చేర్చి గడియవేసికొన్న పిమ్మట, ఆ తలుపును పగులగొట్టుకొని వచ్చువాని యెదుట నిలుచుటకు మాత్రమే తుపాకి. 2024 జూలై 1 నుండి అమలున నున్న భారతీయ న్యాయసంహిత ఆత్మరక్షణ హక్కును గుర్తించుచు, రక్షణకు అవసరమైనంతకు మించి హాని చేయరాదని హద్దును గీచినది. పాఱిపోవు దొంగ వీపున కాల్చుట రక్షణ కాదు.

భారతకథలో అశ్వత్థామకు బ్రహ్మశిరోనామకాస్త్రము తెలియును. ప్రయోగించుట యెఱుగును, ఉపసంహరించుట యెఱుగడు. ఎఱిగినవాడగుటచేతనే అర్జునుడు తన యస్త్రమును మఱలించుకొనగలిగెను. ఇంట తుపాకి నుంచదలచిన సోదరీమణులు ఈ కథను స్మరింతురుగాక. మీట నొక్కుట ఒక ఉదయమున నేర్వవచ్చును. ఎప్పుడు నొక్కరాదో, ఎటు త్రిప్పరాదో, ఎచ్చట దాపవలెనో నేర్చుటకు ఓర్పు కావలెను. ఆ యోర్పు గల యింటనే తుపాకి రక్షయగును; లేని యింట దానికంటె గట్టి గడియయే మేలు.